ఇద్దరికీ ఒకటే మాత్ర

బూజు. డాక్టర్ విశాలాక్షి సూక్ష్మదర్శినిలో చూసి ఫంగస్ అంది గానీ ఫంగస్ అంటే బూజే కదా, పచ్చడి జాడీకి మూత సరిగ్గా పెట్టకపోతే పైన తెల్లగా కట్టేది, వానాకాలంలో తోలు చెప్పుల మీద పట్టేది, రొట్టె ముక్క తడిపి అలమరలో పెట్టి చూడండిరా అని ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా నేనే చూపించేది. దీనికోసమా ఇన్నాళ్ళూ నేను దిండు తడిపింది? తార్నాకలో మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటుతుంటే నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆటో అతను నాకేదో అయిందనుకున్నాడేమో, బండి ఆపి మరీ దారిచ్చాడు. తార్నాకలో ఆటో ఆగి దారివ్వడం చూడటం నాకు ఇదే మొదలు. దేవా, నీకు స్తోత్రం. ఇది ఎవరి దగ్గర్నుంచో వచ్చింది కాదట. ఎవరూ ఇంటికి తెచ్చింది కాదట. "ఎస్తేరు టీచర్, మీరు ముందుగాల జర ఊపిరి తీస్కోండి, ఇది సంబంధాల వల్ల వచ్చే రోగం కాదు" అని ఆవిడ అన్నాకే నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నానని నాకు తెలిసింది. ఎప్పటి నుంచి బిగబట్టానో మరి. మా ఆయన టిఫిన్ బ్యాగులో ఆ క్రీము ట్యూబు దొరికిన రోజు నుంచే అయ్యుంటుంది.

మా ఆయనంటే ప్రభుదాసు గారు, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, అడిక్‌మెట్‌లో మా చర్చికి సంఘ పెద్ద. ఇవాళ కూడా ఫోన్ చేసి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఉంటాను, కలిసి ఇంటికి నడుద్దాం అన్నారు. నేను కళ్ళద్దాల షాపుకు వచ్చాననే ఆయన అనుకుంటున్నారు. ఆ ట్యూబు మీద దురదకు అని రాసి ఉంది, సగం పిండేసి ఉంది. దురద ఎక్కడ? చేతులకు లేదు, మెడకు లేదు, కాళ్ళకు లేదు. నాకేమో అప్పటికే మొదలైంది, చెప్పుకోలేని చోట దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. ఆయనకూ అక్కడే అయ్యుంటుందని నాకు తట్టింది. నాకు నా సంగతి తెలుసు. నేను బడి, చర్చి, ఇల్లు తప్ప ఎరగను. మరి ఇది ఇంట్లోకి ఏ గుమ్మంలోంచి వచ్చినట్టు? ఒకసారి ఆ ప్రశ్న పడ్డాక ఇక ప్రతిదీ దానికి జవాబుగానే కనపడసాగింది. రిటైరవబోయే మనిషికి కొత్తగా పౌడరు మీద మోజేమిటి? పొద్దున పూసుకుని, సాయంత్రం స్నానం చేసి మళ్ళీ పూసుకుని. పెళ్ళైన దగ్గర్నుంచి రుమాలు కూడా ఉతుక్కోని మనిషి తన లోపలి బట్టలు తనే ఉతుక్కుని, నాకు కనపడకుండా డాబా మీద దుప్పటి చాటున ఆరేసుకోవడమేమిటి? శుక్రవారం శుక్రవారం కాచిగూడ స్టేషన్‌కు వెళ్ళి ప్రయాణికులకు సువార్త కరపత్రాలు పంచుతారు, ఏళ్ళ తరబడి పంచుతున్నారు, కానీ కాచిగూడలో స్టేషన్ ఒక్కటేనా ఉంది, ఎన్ని లాడ్జీలున్నాయి! ఒక గులాబీ రంగు చీర మనిషిని కూడా నేనే కల్పించాను. ఆమెకు ఒక నవ్వు పెట్టాను, సన్నటి గొంతు పెట్టాను. ఆమె చేతికి ఆయన కరపత్రం ఇస్తున్నట్టు, ఆమె చదవకుండా మడిచి జాకెట్లో పెట్టుకుంటున్నట్టు కళ్ళకు కట్టినట్టు కనిపించేది. ఆ కల్పన ఏదో ప్రశ్నపత్రాలు తయారుచేయడంలో చూపించి ఉంటే ఈపాటికి హెడ్‌మిస్ట్రెస్‌ను అయ్యేదాన్ని.

యూనివర్సిటీ గేటు దాటగానే చప్పుడు వెనకబడిపోయింది. ఎప్పుడూ ఈ దారిలో చకచకా నడుస్తాను, ఇవాళ నెమ్మదిగా నడవబుద్ధవుతోంది. వేపచెట్ల గాలి ఒంటికి తగులుతుంటే మంట కూడా సగం తగ్గినట్టుంది, ఇంకా మందు వాడనే లేదు! క్లినిక్‌లో నా పక్కన కూర్చున్న బుచ్చవ్వ గుర్తొచ్చింది. అంబర్‌పేట నుంచి కోడల్ని తీసుకొచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, అందరూ వినేట్టు, "ఏందమ్మా, నీకు గూడ తెల్లబట్టనేనా?" అంది. నాకు ప్రాణం చచ్చిపోయింది. నా విద్యార్థుల తల్లులెవరైనా ఉన్నారేమోనని గది నలుమూలలా చూశాను. ఆవిడకేం పట్టలేదు. "మా స్వరూపకు వేడి జేసింది. సబ్జనీళ్ళు తాపిచ్చిన, బార్లి తాపిచ్చిన, కొబ్బరి బోండాలు తాపిచ్చిన. తగ్గకపాయె. గందుకే ఈడికి పట్కొచ్చిన." ఆ పిల్ల తల దించుకుని ముసిముసిగా నవ్వుతోంది. నాకు ఆ అత్త మీద అసూయ పుట్టింది, నిజం. వేడి చేసిందట, అంతే. కొబ్బరినీళ్ళు పని చేయకపోతే డాక్టరట, అంతే. తప్పెవరిది అనే ప్రశ్నే ఆవిడకు రాలేదు. మా బాపట్లలో అమ్మ నాకు వేడి అనే మాట కూడా చెప్పలేదు. ఆ చోటి గురించి ఏ మాటా చెప్పలేదు. శుభ్రంగా ఉండు, అంది. శుభ్రం అనే మాట ఒంటికి చెప్పిందో మనసుకు చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే కాబోలు, ఒంటికి దురద పుడితే నేను మనుషుల పాపాలు వెతకడం మొదలుపెట్టాను.

పాపమంటే బల్ల గుర్తొస్తోంది. మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని సంఘ పెద్దలు వరసల వెంట వస్తారు. సాటి మనిషి మీద మనసులో కక్ష పెట్టుకుని దానికి చెయ్యి చాపకూడదని మా అమ్మ నేర్పింది. ఆ ట్యూబు దొరికాక వచ్చిన బల్ల ఆదివారం మా వరసకు పళ్ళెం తెచ్చింది మా ఆయనే. ఎదురుగా నిలబడ్డారు. నేను తల వంచుకున్నాను. చెయ్యి చాపలేదు. ఆయన కదల్లేదు. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. నేను ఆ చేతుల వంక చూడలేదు, బూట్ల వంకే చూశాను. కాసేపటికి బూట్లు పక్కకు జరిగాయి. ఆరాధన అయ్యాక మా సంఘంలోని గ్లోరీ వచ్చి, "ఏంటక్కా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. బల్లలో చెయ్యి వేయకపోతే ఎవరైనా అడిగేది అదే, అనుకునేది వేరే. తర్వాతి నెలా అంతే చేశాను. ఆయన ఏమిటని అడుగుతారేమో, అడిగితే ఆ ట్యూబు తీసి మొహం మీద కొడదాం అని కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. తప్పు చేసినవాడు ఎలా అడుగుతాడు అనుకున్నాను. నడుం నొప్పని చెప్పి హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టాను. అప్పుడూ అడగలేదు. ఒక దుప్పటి తెచ్చి కాళ్ళ మీద కప్పి, ఫ్యాను తగ్గించి వెళ్ళిపోయారు. ఆ దుప్పటిని కూడా నేను నేరం ఒప్పుకోవడం కిందే జమ కట్టాను.

ఆ డాక్టరమ్మ ఎంత తిట్టిందో! తిట్లు ఇంత హాయిగా ఉంటాయని అనుకోలేదు. మొదట కడుక్కునే సంగతి అడిగింది. గాయాలకు వాడే క్రిమిసంహారక మందు నీళ్ళలో కలిపి రోజూ కడుక్కుంటున్నానని గొప్పగానే చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "గిన్నెలు తోముతున్నరా అమ్మా మీరు? ఆ మందుతోనే మంట రెండింతలైంది. అక్కడ మేలు చేసే బ్యాక్టీరియా ఉంటది, దాన్ని గూడ చంపుతున్నరు. ఉత్త నీళ్ళు చాలు." మేలు చేసే బ్యాక్టీరియా! పెరుగు తోడుకునే పాఠంలో పిల్లల చేత వల్లె వేయిస్తాను ఆ మాట. తర్వాత ఏ మాత్రలు వాడుతున్నారంది. షుగర్ మాత్ర పేరు చెప్పాను. ఎవరు రాశారంది. మా ఆయనకు వాళ్ళ డాక్టరు రాశారన్నాను. "మరి మీకెవరు రాసిన్రు?" అంది. నేను ఏమని చెప్పను? బడిలో ఆరోగ్య శిబిరం పెడితే నాకూ షుగర్ ఉందని తేలింది. ఇంటికి వచ్చి చెప్పగానే ఆయన తన మాత్రల షీటు తీసి, దీని కోసం మళ్ళీ డాక్టరెందుకు, నాకు కొత్తగా మార్చిన మాత్ర బాగా పని చేస్తోంది, ఇద్దరికీ షుగరే కదా అన్నారు. ఆ రోజు నుంచి పొద్దున్నే టీకి ముందు ఒక మాత్ర ఆయన అరచేతిలో, ఒక మాత్ర నా అరచేతిలో. ఎంత ప్రేమగా ఇచ్చేవారో, నీళ్ళ గ్లాసు కూడా ఆయనే అందించేవారు. డాక్టరు పెన్ను కింద పెట్టేసి నన్నే చూసింది. "సద్దిమూట పంచుకున్నట్టు మందులు పంచుకుంటున్నరా? టీచరై ఉండి!" అంది. ఆ మాత్ర ఒంట్లోని చక్కెరను మూత్రంలో బయటికి పంపించేస్తుందట. మందు మంచిదేనట, కానీ దారిలో తీపి తగిలితే ఫంగస్‌కు పండగేనట, అందరికీ కాకపోయినా కొందరికి ఇలా అవుతుందట. అసలు ఆ ఫంగస్ మన ఒంట్లో ఎప్పుడూ కొంచెం ఉంటుందట, పిండి పొంగించే ఈస్టుకు చుట్టమట. తిండి దొరికేదాకా నోరు మూసుకుని పడి ఉంటుందట. పంచదార వేస్తే ఈస్టు ఎలా పొంగుతుందో నేను సీసాకు బుడగ కట్టి మరీ చూపిస్తాను పిల్లలకు. నా ఒంట్లో అదే ప్రయోగం జరుగుతుంటే నేను కాచిగూడ లాడ్జీల చుట్టూ తిరుగుతున్నాను.

అప్పుడు అడిగాను. మా ఆయనకు కూడా దురద ఉన్నట్టుందండీ, అన్నాను. "ఆయన గూడ గదే మాత్ర ఏస్కుంటుండు గదా?" అంది. అవునన్నాను. "మగవాళ్ళకు గూడ వస్తది ఇది, షుగర్ ఉంటే ఇంకా వస్తది. చూడకుండ నేను చెప్పను, తోల్కరండి, పక్క రూంల స్కిన్ డాక్టర్ కూసుంటడు, ఎనిమిది దాంక ఉంటడు. కానీ ముందుగాల ఆ మాత్రను అనుమానించు తల్లీ, మనిషి సంగతి తర్వాత." నేను ఒక్క ముక్క కూడా అనుమానం గురించి అనలేదు. ఆవిడకెలా తెలిసిందో. నాలాంటి వాళ్ళు ఆ కుర్చీలో ఎంతమంది కూర్చుని ఉంటారో. మందు చీటీ ఇస్తూ, నా అంతట నేను ఆ మాత్ర మింగడం ఇవాళ్టితో బంద్ అని, ఆయన మాత్రం తన డాక్టర్ను అడగకుండా ఆపకూడదని, నా షుగర్‌కు నన్ను వేరే చూపించుకోమని మళ్ళీ మళ్ళీ చెప్పింది. నేను లేచి దండం పెట్టాను. ఆవిడ భుజం తట్టి, "ఆడోళ్ళల్ల నూటికి డెబ్బై మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే ఇది. జలుబు లెక్క" అంది. జలుబు లెక్క. మరి జలుబు గురించి బస్సులో పక్క సీటు ఆవిడతో కూడా చెప్పుకుంటామే!

ఇప్పుడు ఆ పాఠం గుర్తొస్తోంది, శరీర భాగాల పాఠం, ఏటా పిల్లల్ని ఇంట్లో చదువుకోమని దాటేసే పాఠం. వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయని, నా చెవులు ఎర్రబడతాయని దాటేస్తాను. ఆ పాఠం చెప్పించుకోని ఆడపిల్లలు ఈ చెట్ల కింద కూడా కూర్చునే ఉంటారు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ, పుస్తకాల కట్ట తల కింద పెట్టుకుని ఒకమ్మాయి గట్టు మీద పడుకుంది. హాస్టల్లో ఒకే బాత్రూమ్ వాడుకుని, ఆరీ ఆరని బట్టలు వేసుకుని, దురద పుడితే వీళ్ళు ఎవర్ని అనుమానిస్తారో? తమనే అనుమానించుకుంటారేమో. నాకైతే అనుమానించడానికి మొగుడైనా ఉన్నాడు పాపం. ఆ మొగుడికి ఇప్పుడు ఏమని చెప్పాలి? వేడి చేసిందని చెప్పి వదిలేయొచ్చు. కానీ రెండు ఆదివారాలు పళ్ళెం పట్టుకుని నా ముందు నిలబడ్డ మనిషికి వేడి చేసిందంటే సరిపోతుందా? ఆయన మీద నేను ఏమేం ఊహించుకున్నానో చెబితే ఇక నా మొహం చూస్తారా? చెప్పకపోతే ఆ దివాన్ మీద నుంచి నేను మంచం మీదికి ఎలా వెళ్ళను? ఇదిగో, రాతి మెట్లు వచ్చేశాయి. ఆ పెద్ద కమాను కింద గొడుగు చంకలో పెట్టుకుని మా ఆయన ఎంత చిన్నగా కనిపిస్తున్నారో. చిక్కిపోయారు. నేను ఇన్నాళ్ళూ ఆ మొహం సరిగ్గా చూడలేదు.

"కళ్ళద్దాలు ఇచ్చాడా?" అన్నారు.

"కళ్ళద్దాలకు పోలేదండీ. ఆడవాళ్ళ డాక్టరు దగ్గరకు పోయాను. నాకు ఫంగస్ పట్టింది."

"ఎక్కడ?" అన్నారు. చెప్పాను. వాకింగ్‌కు వచ్చిన పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని దాటిపోయేదాకా ఆగి, పాఠం చెప్పే గొంతుతో మొత్తం చెప్పాను. చక్కెర, మాత్ర, తీపి, ఫంగస్. మీకు కూడా అదే అయ్యుంటుంది, ఆ క్రీము నేను చూశాను అన్నాను. మా ఆయన మొహం కందిపోయింది. మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు. "అయితే ఇది మనిషి నుంచి మనిషికి వచ్చింది కాదా?" అన్నారు. కాదన్నాను. "ఖాయంగా?" అన్నారు. నాది సూక్ష్మదర్శినిలో చూసి మరీ చెప్పారన్నాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నాకు వచ్చినట్టే నవ్వొచ్చిందనుకున్నాను. కాదు, ఏడుస్తున్నారు.

"నీ నుంచి వచ్చిందనుకున్నా ఎస్తేరూ," అన్నారు రుమాల్లోంచి.

"నా నుంచా!" అని అరిచాను. చెట్ల కింద చదువుకునే పిల్లలందరూ తలలెత్తారు. ఎత్తనీ. కాచిగూడలు, పౌడర్లు, గులాబీ చీరలు అన్నీ ఎటో ఎగిరిపోయాయి. నన్నా? ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన నన్నా? ఆయన నా వంక చూడకుండానే చెప్పుకుపోయారు. "నువ్వు బల్లలో చెయ్యి వేయలేదు. పక్క వేరు చేశావు. నాకేమో ఇది పట్టుకుంది. ఇంకేమనుకోమంటావు? మనసులో ఏదో తప్పు పెట్టుకుని, దేవుడికి భయపడి చెయ్యి చాపట్లేదనుకున్నా."

"అనుకుంటే అడగొచ్చు కదండీ!"

"అడిగితే చెప్పేస్తావు. నువ్వు అబద్ధం ఆడవు కదా. చెప్పేశాక నేను ఊరుకోకూడదు. సంఘ పెద్దను, మొగుణ్ణి, ఏదో ఒకటి చెయ్యాలి. అడక్కపోతే ఏమీ చెయ్యక్కర్లేదు. నువ్వు ఇంట్లోనే ఉంటావు. పొద్దున్నే టీ పెడతావు. అదే చాలనుకున్నా."

నేను ఆయన పక్కన మెట్టు మీద కూలబడ్డాను. కోపంగానే ఉంది, ఇప్పటికీ ఉంది, నన్ను అంత మాట అనుకున్నందుకు. కానీ ఈయన నాకు ఇన్నేళ్ళలో ఇచ్చినవన్నీ ఒక ఎత్తు, ఆ అడగకపోవడం ఒక ఎత్తు. నేను తప్పు చేశాననే నమ్మి కూడా దుప్పటి కప్పాడీ మనిషి. నేనైతే ఏ తప్పూ చూడకుండానే తీర్పు చెప్పేశాను. ఎంత హాయిగా ఉందో, ఎంత సిగ్గుగా ఉందో, రెండూ కలిసి కళ్ళల్లోంచి కారిపోతున్నాయి. ఇద్దరం ఒకే రుమాలుతో తుడుచుకున్నాం.

"నువ్వు నా గురించి అట్లా ఏమీ అనుకోలేదు కదా?" అన్నారు. ఎంత నమ్మకంగా అడిగారో. ఒక్క అబద్ధం ఆడదామా అనిపించింది.

"అనుకున్నాను. మిమ్మల్ని ఇంట్లోంచి పంపించేశాను కూడా. గోల్నాకలో అద్దెకు ఒక గది చూసి పెట్టాను మనసులో."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "నువ్వు రాకుండా నన్నొక్కణ్ణేనా?" అన్నారు చిన్నబుచ్చుకుని.

నేను లేచి, అంతమంది పిల్లలు చూస్తుండగానే ఆయన చెయ్యి పట్టుకుని లేపి, ఇంటి వైపు కాకుండా తార్నాక క్లినిక్ వైపు నడిపించాను.